బండి తాళాలు ఎవరి దగ్గరుండాలి? నదీన్ గార్డిమర్ నవల ‘జులైస్ పీపుల్’ మీద చర్చ

కృష్ణాతీరం
శనివారం, ఉదయం 10:12

ఈ నెల పుస్తకం చాలామంది పూర్తి చేసినట్టున్నారు, మొదలుపెడుతున్నా. ముగింపుతో సహా అన్నీ మాట్లాడుకుంటాం కాబట్టి ఇంకా చదవనివాళ్ళు చదివాక రండి.

1981లో వచ్చిన చిన్న నవల ఇది. అప్పటికి దక్షిణాఫ్రికాలో అంతర్యుద్ధం రాలేదు, వస్తుందన్న భయం మాత్రం గట్టిగా ఉంది. 1975లో పక్కనున్న మొజాంబిక్ నుంచి పోర్చుగీసువాళ్ళు వెళ్ళిపోయారు. 1976 జూన్ 16న జోహనెస్‌బర్గ్ పక్కనున్న నల్లవాళ్ళ బస్తీ సోవెటోలో ఊరేగింపుగా వచ్చిన బడిపిల్లల మీద పోలీసులు కాల్పులు జరిపారు. 1980 ఏప్రిల్‌లో జింబాబ్వేకి స్వాతంత్ర్యం వచ్చింది. తర్వాతి వంతు తమదేనని తెల్లవాళ్ళకి తెలుసు. గార్డిమర్ ఆ రోజు వచ్చేసినట్టే ఊహించి రాశారు.

జోహనెస్‌బర్గ్‌లో ఉండే ఆర్కిటెక్ట్ బామ్ స్మేల్స్, భార్య మౌరీన్, పిల్లలు విక్టర్, జీనా, రాయిస్. నగరంలో పోరు మొదలవగానే, వాళ్ళింట్లో పదిహేనేళ్ళుగా పనిచేస్తున్న జులై వాళ్ళని తన ఊరికి తీసుకుపోతాడు. మూడు పగళ్ళు, మూడు రాత్రుళ్ళు, 600 కిలోమీటర్లు. వేటకి పనికొస్తుందని బామ్ తన నలభయ్యో పుట్టినరోజుకి కొనుక్కున్న పసుపు రంగు బకీలో ప్రయాణం. బకీ అంటే వెనక తొట్టి ఉండే చిన్న ట్రక్కు. ఊళ్ళో జులై తల్లి ఉండే గుడిసె ఖాళీ చేసి వీళ్ళకిస్తారు.

నన్ను ఎక్కువ కుదిపేసిన సంగతి, ఈ దంపతులు చెడ్డవాళ్ళు కాకపోవడం. జాతి వివక్ష తప్పని నమ్మినవాళ్ళు. జులైని ఎప్పుడూ తిట్టలేదు, కొట్టలేదు. జీతం, గది, సెలవులు అన్నీ పద్ధతిగా ఇచ్చారు. అలాంటివాళ్ళు కూడా, జులై ఒకరోజు అడక్కుండా బండి తీసుకెళ్ళేసరికి దొంగతనం జరిగినట్టు విలవిల్లాడతారు. అతను ఎక్కడికెళ్ళాడు? వీళ్ళకోసమే సరుకులు తేవడానికి!

నా మటుకు నవల మొత్తం ఆ తాళాల చుట్టూనే ఉంది. ప్రభుత్వాలు ఎక్కడో నగరాల్లో కూలుతున్నాయి, ఆ వార్తలు రేడియోలో వస్తున్నాయి. అధికారం నిజంగా చేతులు మారింది మాత్రం ఈ గుడిసెల మధ్య, ఒక తాళాల గుత్తి దగ్గర. మీకేమనిపించిందో రాయండి.


చుక్కల ముగ్గు
శనివారం, ఉదయం 11:35

తాళాల సీన్ గురించి నాకూ చెప్పాలనుంది. దానికంటే ముందు మొదటి పేజీ చూడండి. తెల్లారగానే జులై గుడిసె గుమ్మం దగ్గర వంగి, టీ తాగుతారా అని అడుగుతాడు. గులాబీ రంగు గాజు కప్పుల్లో టీ, పక్కన వంకరటింకరగా కోసి తెరిచిన పాలడబ్బా, అందులో స్పూను. లోకం తలకిందులైంది, వీళ్ళు ప్రాణాలు అరచేతిలో పెట్టుకుని వచ్చారు, టీ మాత్రం ఎప్పటిలాగే మంచం దగ్గరికి వచ్చింది. అతను కావాలనే అలా తెచ్చాడు. పాత పద్ధతి ఇంకా నడుస్తోందని వాళ్ళకి ధైర్యం చెప్పినట్టు.

ఇప్పుడు తాళాల దగ్గరికొద్దాం. తాళాల గురించి మౌరీన్ జులైతో చాలా సున్నితంగా మాట్లాడుతుంది. మనం స్నేహితుల్లా మాట్లాడుకోవచ్చు కదా అన్న ధోరణి. జులై మాత్రం తనని తాను ‘మీ బోయ్’ అని చెప్పుకుంటూనే మాట్లాడతాడు. మీ ఇంటి తాళాలు ఎప్పుడూ నా దగ్గరే ఉండేవి, మీరు సెలవులకి పోతే ఇల్లంతా నేనే చూసుకున్నాను, ఇప్పుడు కొత్తగా నమ్మకం లేదా అన్నది అతని మాటల సారం. ఆమెకి ఎక్కడ తగలాలో అక్కడే తగిలింది. ఆమె గొప్పగా చెప్పుకునేది ఆ నమ్మకం గురించే మరి. నమ్మడం, నమ్మకపోవడం ఆమె ఇష్టం మీద ఆధారపడి ఉన్నంతకాలం, ఆ నమ్మకం కూడా యజమాని హోదాలో భాగమే. అతను అడిగింది అదే.

అప్పుడు ఆమె ఏం చేసింది? నగరంలో అతనితో ఉండే ఎల్లెన్ పేరు ఎత్తింది. అంటే నీ భార్యకి చెప్పగలను సుమా అని. అంత సంస్కారం ఉన్న మనిషి, చేతిలో వేరే ఏ బలమూ లేదని తెలియగానే దొరికిన ఆయుధం అందుకుంది. ఆ పేజీ దగ్గర పుస్తకం మూసేసి కాసేపు అలా కూర్చున్నా.


నిర్మొహమాటం
శనివారం, మధ్యాహ్నం 1:20

మీ ఇద్దరూ మౌరీన్‌ని బోనులో నిలబెట్టేశారు. ఆవిడ పరిస్థితి కూడా చూడాలి కదండీ. ముగ్గురు పిల్లల తల్లి. భాష రాని ఊరు, మందుల్లేవు, తిండి వేరొకరి దయ. అక్కణ్ణుంచి బయటపడాలంటే ఉన్నది ఒక్క బండి. అది కంటికి కనపడకుండా పోతే ఎవరికైనా టెన్షన్ రాదా? అందులో తెలుపు నలుపు ఏముంది? నేను ఆ స్థానంలో ఉన్నా తాళాలు నా దగ్గరే ఉండాలనుకుంటాను.

భయాన్ని కూడా అహంకారంగా లెక్కేస్తే ఇక మనుషుల్ని అర్థం చేసుకోలేం.


జగిత్యాల పోరడు
శనివారం, సాయంత్రం 5:48

నిర్మొహమాటం అన్నా, భయం నిజమే, కాదనను. కానీ ఒకటి ఆలోచించండి. రేపేమవుతుందో తెలియకపోవడం, తిండీ గూడూ ఇంకొకరి మంచితనం మీద ఆధారపడటం, అడిగితేనే బయటికి పోవాల్సి రావడం. మౌరీన్ ఆ ఊళ్ళో కొన్ని వారాలు పడ్డది ఇదే. జులై పదిహేనేళ్ళు పడ్డది కూడా ఇదే. ఆమెకి వచ్చినప్పుడు అది ఆపద అయింది. అతనికి ఉన్నప్పుడు అది ఉద్యోగం.

నాకు ఈ నవల ఎందుకంత దగ్గరగా అనిపించిందంటే, మా నాయిన మస్కట్‌ల పనిచేసిండు. మా దిక్కు ప్రతి వాడకట్టులో ఒక గల్ఫ్ ఇల్లు ఉంటది. రెండేండ్లకోసారి సెలవు. జులైకి కూడా అంతే, రెండేళ్ళకోసారి ఊరికి వస్తాడు, మళ్ళా పోతాడు, పిల్లలు అతను లేనప్పుడు పుడతారు, పెరుగుతారు. మా నాయిన పాస్‌పోర్ట్ అర్బాబ్ (అక్కడి యజమాని) బీరువాలో ఉండేది. అర్బాబ్ మంచోడే. పండుగకి బట్టలు పెట్టేటోడు, నాయినకి జ్వరమొస్తే తన బండిలో దవాఖానకి తీసుకపోయిండు. నాయిన ఇప్పటికీ ఆయన గురించి మంచిగానే చెప్తడు. అయితే తాత చనిపోయినప్పుడు పాస్‌పోర్ట్ చేతికి రావడానికి ఆలస్యమైంది, నాయిన మట్టికి అందలేదు. దాని గురించి ఇంట్ల ఎవరూ మాట్లాడరు.

మంచి యజమాని అనేటోడు ఉంటడు. మంచితనం ఉన్నా బీరువా తాళం ఆయన దగ్గరే ఉంటది. గార్డిమర్ పట్టుకున్నది ఈ సంగతే అని నాకు అనిపించింది. అందుకే జులై కోపం నాకు కొత్తగా అనిపించలేదు. అది ఒక్కరోజు కోపం కాదు.


జోబర్గ్ నుంచి
శనివారం, రాత్రి 9:05

నేను చాలా ఏళ్ళుగా జోహనెస్‌బర్గ్‌లో ఉంటున్నాను. నవల వెనకున్న చట్టాల గురించి కొంచెం చెప్తే, జులై ఎందుకలా బతికాడో తేలిగ్గా అర్థమవుతుంది.

1913 భూమి చట్టం దేశంలో సుమారు 7 శాతం నేల మాత్రమే నల్లవాళ్ళకి వదిలింది. 1936లో దాన్ని 13 శాతం దాకా పెంచుతామన్నారు. జనాభాలో అత్యధికులకి దక్కింది అంతే. ఆ నేల మీద బతుకు సాగదు, కాబట్టి మగవాళ్ళు గనులకీ నగరాలకీ రావాల్సిందే. వస్తే చేతిలో పాస్ పుస్తకం ఉండాలి. 1952 చట్టం తర్వాత పదహారేళ్ళు దాటిన ప్రతి నల్ల మనిషికీ అది తప్పనిసరి. అందులో యజమాని సంతకం ఉండాలి. పోలీసు అడిగినప్పుడు చూపించలేకపోతే అక్కడికక్కడే అరెస్టు. అనుమతి లేనివాళ్ళు నగరంలో 72 గంటలు దాటి ఉండకూడదు. పనిమనిషి తన భార్యనో భర్తనో తెచ్చుకుని యజమాని పెరట్లో కాపురం పెట్టడం కుదిరేది కాదు. ఈ పాస్ చట్టాలు రద్దయింది 1986లో, అంటే నవల వచ్చిన ఐదేళ్ళకి. 1960 మార్చి 21న షార్ప్‌విల్‌లో 69 మందిని కాల్చి చంపింది ఈ పాస్‌లకి వ్యతిరేకంగా గుమిగూడినందుకే.

కాబట్టి జులైకి ఊళ్ళో భార్య మార్తా, నగరంలో ఎల్లెన్ ఉండటాన్ని అతని గుణం కింద మాత్రమే చూడకండి. భార్యాభర్తల్ని ఏడాదికేడాది విడదీసి ఉంచిన ఏర్పాటు అది. మౌరీన్‌కి ఎల్లెన్ సంగతి తెలుసు, అతని గది తమ పెరట్లోనే ఉంది. ఆ ఏర్పాటు వల్ల లాభపడిన ఇంటావిడే దాన్ని బెదిరింపుగా వాడటం ఇంకా బాధగా అనిపించింది నాకు.

ఇప్పటి మాట కూడా చెప్తాను. ఇక్కడ పాత ఇళ్ళు చూడటానికి వెళ్తే పెరటి చివర చిన్న గది తప్పకుండా ఉంటుంది. చిన్న కిటికీ, విడిగా స్నానాలగది, ఇంటి వెనక్కి తెరుచుకునే తలుపు. 1994లో అందరికీ ఓటు వచ్చింది, ఆ గదులు అలాగే ఉన్నాయి. కొందరు వాటిని అద్దెకిస్తున్నారు, చాలా ఇళ్ళలో ఇప్పటికీ పనావిడే ఉంటుంది. డిసెంబరు రాగానే లింపోపోకీ ఈస్టర్న్ కేప్‌కీ వెళ్ళే టాక్సీ వ్యాన్ల కోసం జనం మూటలు, దుప్పట్లు, పిల్లల సైకిళ్ళతో బారులు తీరతారు. ఏడాదంతా కూడబెట్టిన సామాను అది.


కృష్ణాతీరం
శనివారం, రాత్రి 10:30

జోబర్గ్ గారూ, ఆ గది వర్ణన చదివాక హైదరాబాద్ అపార్ట్‌మెంట్లలో వంటింటి పక్కన ఉండే ‘సర్వెంట్ రూమ్’ గుర్తొచ్చింది. ప్లాన్‌లో అన్ని గదులకీ కొలతలు, ఫర్నిచర్ బొమ్మలు గీస్తారు. దానికి మాత్రం ఒక చదరం, అంతే. పనివాళ్ళకి వేరే లిఫ్ట్ ఉన్న గేటెడ్ కమ్యూనిటీలూ ఉన్నాయి. మన దగ్గర దీనికి చట్టం కూడా అవసరం పడలేదు.


ఇంగ్లీష్ మాస్టారు
ఆదివారం, ఉదయం 7:50

నేను ఈ నవల డిగ్రీ పిల్లలకి చెప్పాను. చర్చ బాగా సాగుతోంది. ఒక ఇబ్బందికరమైన ప్రశ్న ఉంది, దాన్ని తప్పించుకోకూడదు.

పేరు జులైది. అయినా కథ ఎక్కువ భాగం మౌరీన్ తలలోంచే నడుస్తుంది. జులై ఏమనుకుంటున్నాడో మనకి తెలిసేది తక్కువ. అతని అసలు పేరు మ్వావాటే అని కూడా ఆలస్యంగానే బయటపడుతుంది. పదిహేనేళ్ళు ఇంట్లో ఉన్న మనిషిని ఒక నెల పేరుతో పిలిచారు. ఈ కారణంగానే కొందరు విమర్శకులు ఇది చివరికి తెల్లవాళ్ళ గురించి తెల్లావిడ రాసిన నవలే అంటారు. 2001లో గౌటెంగ్ రాష్ట్ర విద్యాశాఖకి సలహా ఇచ్చే ఉపాధ్యాయుల బృందం ఒకటి దీన్ని బడుల పాఠ్యపుస్తకాల నుంచి తీసేయమంది. ఇందులో జాత్యహంకారం ఉంది, నల్లవాళ్ళని చిన్నచూపు చూస్తోంది అన్నది వాళ్ళ అభ్యంతరం. జీవితమంతా అపార్థైడ్‌కి, అంటే అక్కడి వర్ణవివక్ష పాలనకి వ్యతిరేకంగా నిలబడి, 1991లో నోబెల్ అందుకున్న రచయిత్రి మీద, ఆవిడ కోరుకున్న ప్రజాస్వామ్యం వచ్చాక పడ్డ నింద ఇది. గట్టిగా నిరసన వచ్చింది, ఆ నిర్ణయం నిలవలేదు.

నా అభిప్రాయం: జులై మనసు మనకి పూర్తిగా తెరుచుకోకపోవడం లోపమని నేననుకోను. గార్డిమర్‌కి తన హద్దు తెలుసు. మౌరీన్‌కి జులై అర్థమైనంతే మనకీ అర్థమవుతాడు. పదిహేనేళ్ళు తనకి అంతా తెలుసనుకున్న మనిషికి ఏమీ తెలియదని తేలడమే కథ. అతనికి వచ్చిన ఇంగ్లీషు వంటిళ్ళలో, గనుల్లో, ఫ్యాక్టరీల్లో నేర్చుకున్నది, ఆజ్ఞలకి జవాబు చెప్పడానికి సరిపోయేది. మనసులో మాట చెప్పుకోవడానికి అది చాలదని రచయిత్రే అంటారు. అందుకే చివర్లో, తుపాకీ పోయిన గొడవలో, అతను ఆమె మీదికి తన భాషలో విరుచుకుపడతాడు. ఆమెకి ఒక్క ముక్క రాదు. కానీ అతను ఏమంటున్నాడో అప్పుడే, మొదటిసారి, పూర్తిగా అర్థమవుతుంది. నీ నమ్మకానికి, నీ మెప్పుకి తగ్గట్టు ఉండటం నా బతుకు కాదు అన్నదే అందులో ఆమెకి వినపడింది.

నవల ముందు పేజీలో ఇటలీ మార్క్సిస్టు ఆలోచనాపరుడు గ్రాంషీ జైలు రాతల్లోంచి ఒక మాట పెట్టారు: పాతది చచ్చిపోతోంది, కొత్తది పుట్టలేకపోతోంది, ఆ మధ్యకాలంలో రకరకాల రోగలక్షణాలు పైకొస్తాయి అని. జులైకి కూడా కొత్త మాట ఇంకా దొరకలేదు. పాత ‘మాస్టర్’ పిలుపు నోట్లోంచి పూర్తిగా పోలేదు. ఆ తడబాటుని రచయిత్రి దాచలేదు.


చుక్కల ముగ్గు
ఆదివారం, ఉదయం 9:15

మాస్టారూ, జులై గురించి మీరన్నది ఒప్పుకుంటా. అయితే మార్తా సంగతేంటి? నాకు ఆమె గురించిన పేజీలు ఇంకా కావాలనిపించింది.

ఉన్న కొంచెంలోనే ఆమె ఎంత స్పష్టంగా కనపడుతుందో చూడండి. భర్త ఇన్నేళ్ళూ డబ్బు పంపాడు, ఉత్తరాలు రాశాడు. ఆమె ఇంకొకరి జీతం మీద, లేని మొగుడితో సంసారం నడిపింది. ఇప్పుడు అతను శాశ్వతంగా ఇంటికొచ్చాడనుకునేలోపే వెంట ఐదుగురు తెల్లవాళ్ళు. వాళ్ళకోసం అత్త గుడిసె పోయింది. తను ఎప్పుడూ చూడని ఆ గొప్పింటావిడ అంటే పట్టుబట్టలు కట్టుకున్న మనిషిని ఊహించుకుని ఉంటుంది. వచ్చిందేమో మాసిన బట్టలు, చెదిరిన జుట్టు.

జులై తల్లి అయితే కొడుకుని సూటిగానే అడుగుతుంది. వాళ్ళు మనల్నిక ఏమీ చేయలేరని అతనంటే, తెల్లవాళ్ళ తెలివికి అంతు ఉండదు, వాళ్ళేం చేయగలరో నువ్వు ఊహించలేవని హెచ్చరిస్తుంది. ముసలావిడ మాటలో ద్వేషం లేదు. ఎన్నో చూసిన మనిషి జాగ్రత్త అది.

మౌరీన్ ఆ ఆడవాళ్ళతో కలిసి ఆకుకూరలు ఏరడానికి పొలానికి వెళ్తుంది. జులై వద్దంటాడు. ఆమె తన పనివాడి భార్య పక్కన నిలబడి పని చేస్తే, ఇన్నాళ్ళూ అతను రెండుచోట్ల విడివిడిగా దాచుకున్న రెండు బతుకులు ఒకటైపోతాయి. అతనికి అది ఇష్టం లేదు. ఇక్కడ అధికారం జులై చేతిలో ఉంది, నిజమే. దాన్ని అతను ఆడవాళ్ళ మీద ఎలా వాడుతున్నాడో కూడా గమనించండి. ఎవరిని ఏ గుడిసెలో పెట్టాలి, ఎవరు ఎవరితో మాట్లాడాలి, అన్నీ అతనే. మార్తాని ఎవరూ ఏదీ అడగలేదు. రంగు దగ్గర తిరగబడిన లెక్క ఆమె దగ్గర మాత్రం తిరగబడలేదు.


నిర్మొహమాటం
ఆదివారం, ఉదయం 11:02

మార్తా గురించి రాసింది చాలా బాగుంది మేడమ్.

మీరంతా బామ్‌ని వదిలేశారు. అతనే నాకు జాలి పుట్టించాడు. వర్షపు నీళ్ళు పట్టడానికి ట్యాంకు బిగిస్తాడు, అడవి పందుల్ని వేటాడతాడు, రేడియో దగ్గర కూర్చుంటాడు. ఏదో ఒకటి చేస్తూనే ఉంటాడు, దేనికీ విలువ లేదు. బండి పోయింది, తర్వాత తుపాకీ పోయింది. ఊరి యువకుడు డానియెల్ అదే సమయంలో మాయమవుతాడు, పోరాడేవాళ్ళలో కలవడానికి వెళ్ళాడని అర్థమవుతుంది. తుపాకీ పోయిందని తెలిసి బామ్ గుడిసెలో బోర్లా పడుకుంటాడు. పిల్లల ముందు. ఆ మనిషి మగతనమంతా ఆ రెండు వస్తువుల్లోనే ఉందా అనిపించింది.

దొర దగ్గర వాళ్ళు చేసిన చర్చ నాకు సరిగ్గా అందలేదు. ఆ దొర ఎందుకు తెల్లవాడి సాయం అడుగుతాడు?


జగిత్యాల పోరడు
ఆదివారం, మధ్యాహ్నం 12:40

అన్నా, నాకు ఆ అధ్యాయం బాగా పట్టింది. ఆ ప్రాంతపు దొరకి భూమి మీద, మనుషుల మీద పెత్తనం ఇచ్చింది తెల్ల ప్రభుత్వమే. 1951 చట్టంతో ఇలాంటి దొరల్ని తమ పాలనలో భాగం చేసుకున్నరు, జీతాలిచ్చిన్రు. విప్లవం వస్తే ముందు పోయేది అతని కుర్చీ. అందుకే సోవెటో నుంచి వచ్చే పిల్లలంటే అతనికి భయం. బామ్‌ని పిలిచి, నీ తుపాకీతో మాకు కాల్చడం నేర్పు, వాళ్ళొస్తే అడ్డుకుందాం అంటాడు. వర్ణవివక్ష తప్పని ఇన్నేండ్లు మాట్లాడిన బామ్‌కి దక్కిన పిలుపు ఇది. అతని నోట మాట రాదు.

తెలంగాణల పెరిగినోళ్ళకి ఇది కొత్త కాదు. నిజాం ఎక్కడో హైదరాబాద్‌ల ఉన్నడు, ఊరికి నిజాం అంటే గడీల దొరే. పైన రాజ్యం పోతుందంటే ఎక్కువ వణికింది దొరలే. 1948ల సైన్యం వచ్చినంక అదే దొరల్లో చాలామంది ఖద్దరు టోపీ పెట్టుకుని ఊరికి తిరిగొచ్చిన్రు, భూములు మళ్ళా పట్టుకున్నరు. గార్డిమర్ నల్లవాళ్ళందరినీ ఒక గుంపుగా చూపించలేదు, ఆ సంగతి నాకు నచ్చింది. జులైకి ఆ దొరంటే గౌరవం ఉన్నట్టే ఉంటది, ఆయన మాట్లాడతడు అంతే, చేసేదేం ఉండదని కూడా అతనే అంటడు.

పందుల సంగతి ఎత్తిన్రు కదా, ఒక్కటి గమనించిన్రా? పెద్దది ఊరోళ్ళకి ఇచ్చి, చిన్నది తాము ఉంచుకుంటరు. చూడటానికి పెద్ద మనసు. లేత మాంసం చిన్నదానిదే.


జోబర్గ్ నుంచి
ఆదివారం, సాయంత్రం 4:25

జులై సరుకులు తెచ్చేది ‘ఇండియన్ స్టోర్’ నుంచి. నవలలో ఒకటి రెండు మాటలు మించి దాని ప్రస్తావన ఉండదు. నేను మాత్రం అక్కడే ఆగిపోయాను, ఎందుకంటే ఆ దుకాణం మనవాళ్ళది.

1860 నవంబరులో ‘ట్రురో’ అనే ఓడ మద్రాసు నుంచి డర్బన్ చేరింది. నటాల్ చెరకు తోటలకి ఒప్పంద కూలీలుగా వెళ్ళినవాళ్ళలో తమిళులతో పాటు తెలుగువాళ్ళూ ఉన్నారు. వాళ్ళ మునిమనవలు ఇప్పటికీ డర్బన్ చుట్టుపక్కల ఉన్నారు. నాయుడు, రెడ్డి ఇంటిపేర్లుగా స్థిరపడ్డాయి. దక్షిణాఫ్రికా ఆంధ్ర మహాసభ 1931లో పుట్టింది, ఇప్పటికీ ఉంది. లోపలి ఊళ్ళలో దుకాణాలు పెట్టుకున్నవాళ్ళలో ఎక్కువమంది గుజరాతీలు.

అపార్థైడ్ నిచ్చెనలో భారతీయులది నడిమెట్టు. ఓటు లేదు, ఎక్కడ పడితే అక్కడ ఇల్లు కొనుక్కునే హక్కు లేదు, అయినా నల్లవాళ్ళకి లేని కొన్ని వెసులుబాట్లు ఉన్నాయి. వ్యాపారం చేసుకోవచ్చు, పిల్లల బడికి ప్రభుత్వం పెట్టే ఖర్చు నల్ల పిల్లల బడి కంటే ఎక్కువ. ఆ నడిమెట్టు ఎంత ప్రమాదమో 1949 జనవరిలో డర్బన్‌లో తేలింది. జులూలకీ భారతీయులకీ మధ్య జరిగిన అల్లర్లలో 142 మంది చనిపోయారు. 1984లో ప్రభుత్వం పార్లమెంటులో భారతీయులకి, మిశ్రమ జాతివాళ్ళకి విడి సభలు ఇచ్చి, నల్లవాళ్ళకి ఏమీ ఇవ్వలేదు. భారతీయుల్లో ఎక్కువమంది ఆ ఎన్నికల్ని బహిష్కరించారు, నాకు గర్వంగా అనిపించే విషయం అది. కొందరు ఆ సభలో కూర్చున్నారు కూడా.

ఈ నవల చదివే తెలుగువాళ్ళు జులై వైపు నిలబడటం తేలిక. మన చర్మం రంగు చూసి ఆ పక్కనే ఉన్నామనుకుంటాం. ఇక్కడ నాతో పనిచేసే మనవాళ్ళు కొత్తగా వచ్చిన నెలలోనే పనావిడ కాఫీ కప్పు విడిగా పెట్టడం చూశాను. ఎవరూ చెప్పలేదు, ఏ చట్టమూ లేదు. ఇంటి నుంచే తెచ్చుకున్నారు.


రాత్రిబండి
ఆదివారం, రాత్రి 8:10

ఇప్పుడే అందరి రాతలూ చదివాను. నాకు ముగింపు అర్థం కాలేదు. హెలికాప్టర్ వస్తుంది, దాని మీద ఎవరి గుర్తులున్నాయో ఆమె పోల్చుకోలేదు. భర్తని, పిల్లల్ని వదిలేసి పరుగెడుతుంది. ఏరు దాటుతుంది. అంతే, అయిపోయింది. వచ్చింది తెల్లవాళ్ళ సైన్యమా, విప్లవకారులా? ఆమెని కాపాడారా, చంపారా? మీరంతా ఎలా తీసుకున్నారు?


ఇంగ్లీష్ మాస్టారు
ఆదివారం, రాత్రి 9:33

తరగతిలో ప్రతిసారీ ఈ ప్రశ్నే వస్తుంది. హెలికాప్టర్ ఎవరిదో రచయిత్రి చెప్పలేదు, నవలలో ఆధారమూ లేదు. ఎవరిదైనా ఆమె పరుగెత్తేదే అన్నది నా పఠనం. ఆ గుడిసెలో ఆమె మౌరీన్ కూడా కాదు. భార్య హోదా పోయింది, ఇంటి యజమానురాలి హోదా పోయింది, మంచి మనిషినన్న నమ్మకాన్ని కూడా జులై లాగేశాడు. ఇక మిగిలింది ప్రాణం మీద తీపి. దాన్ని కొందరు విముక్తి అంటారు, కొందరు పాత జీవితానికి పారిపోవడం అంటారు. నాకు రెండోదే బలంగా కనిపిస్తుంది. ఎందుకంటే ఆ పరుగులో ఆమెకి పాత వంటింటి వాసనలు తగులుతాయి.

ఆమె చిన్నప్పటి ఫోటో గుర్తుందా? బడి నుంచి ఇంటికొస్తున్న తెల్ల పిల్ల, పక్కనే నల్ల పనమ్మాయి లిడియా, తలమీద మౌరీన్ బడి పెట్టె. ఇద్దరూ స్నేహంగా నవ్వుకుంటూ నడుస్తుంటే ఒక ఫోటోగ్రాఫర్ తీశాడు. ఏళ్ళ తర్వాత అది ఒక పుస్తకంలో కనపడింది. అప్పుడు గానీ లిడియా నా పెట్టె ఎందుకు మోసింది అన్న ప్రశ్న మౌరీన్‌కి రాలేదు. ఫోటో తీసినవాడికి మొదటి చూపులోనే కనపడింది, మోయించుకున్న పిల్లకి కనపడలేదు. ఆ ప్రశ్నకి జవాబుతో బతకడం చేతకాకే ఆమె పరుగెత్తింది అని నేను పిల్లలకి చెప్తుంటాను.


కృష్ణాతీరం
ఆదివారం, రాత్రి 10:05

మాస్టారూ, వదిలేసి వెళ్ళింది పిల్లల్ని కూడా కదా. ఆ పిల్లల గతి ఏంటన్నది నన్ను వదలడం లేదు.


చుక్కల ముగ్గు
ఆదివారం, రాత్రి 11:20

కృష్ణాతీరం గారూ, పిల్లల గురించి నాకు అంత దిగులు లేదు. ఎందుకో చెప్తాను.

వచ్చిన కొత్తలో విక్టర్ ఎలా ఉన్నాడు? బొమ్మ కార్ల ట్రాక్ వెంట తెచ్చుకుని, ఊరి పిల్లలు ముట్టుకోకూడదని అమ్మతో చెప్పిస్తాడు. నాన్న బిగించిన ట్యాంకులో నీళ్ళు ఊరంతా పట్టుకుంటుంటే, అది మనది కదా అని ఉక్రోషపడతాడు. అచ్చం చిన్న బామ్. జీనా మాత్రం వచ్చిన కొన్నాళ్ళకే న్యీకో అనే పిల్లతో జట్టుకట్టి, ఊరి ఆడపిల్లల్లాగే పసిబిడ్డని వీపున కట్టుకుని తిరుగుతుంది, వాళ్ళ మాటలు నేర్చుకుంటుంది, చేత్తో తింటుంది. ఎవరూ నేర్పలేదు.

చివరికొచ్చేసరికి జులై గాలపు దారం ఇస్తే, విక్టర్ చేతులు రెండూ మెల్లగా కలిపి చప్పట్లలా తట్టి, కొంచెం వంగి, దోసిలి పట్టి అందుకుంటాడు. ఆ ఊళ్ళో పెద్దవాళ్ళిచ్చింది పిల్లలు అందుకునే పద్ధతి అది. ఆ వాక్యం ఎంత మామూలుగా వస్తుందంటే, తొందరగా చదివితే దాటిపోతాం. తన ఇంట్లో పదిహేనేళ్ళు టీలు అందించిన మనిషి దగ్గర, ఆ ఇంటి పెద్దకొడుకు గౌరవంగా చెయ్యి చాచాడు. బామ్‌కీ మౌరీన్‌కీ ఎన్ని పుస్తకాలు చదివినా రానిది అది. వాళ్ళు జులైకి ఎప్పుడూ ఇచ్చేవాళ్ళుగానే ఉన్నారు, అతని దగ్గర తీసుకోవాల్సి వచ్చినప్పుడల్లా అవమానంగానే అనిపించింది.

హెలికాప్టర్ వచ్చేసరికి బామ్, మగపిల్లలు చేపలు పట్టడానికి వెళ్ళి ఉన్నారు. ఆ గాలపు దారంతోనే.